పుస్తకాల సీజన్ ముందు జాగ్రత్తలు: నాలుగు చేతులు పడిన ఫైలును ఒక్కటిగా కలపాలంటే

అక్టోబరు వచ్చిందంటే పుస్తకాలు వేసేవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. మామూలుగా డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, అది ముగిసీ ముగియగానే జనవరిలో విజయవాడ. కొత్త పుస్తకం ఆ రెండింటికీ స్టాల్లోకి రావాలి. ప్రెస్సువాళ్లు ఫలానా తేదీకల్లా ఫైలు ఇవ్వకపోతే మా వల్ల కాదని ముందే చెప్పేస్తారు. అప్పటికి పరిస్థితి ఇలా ఉంటుంది: రచయిత దగ్గర ఒక ఫైలు, ప్రూఫ్ చూసినావిడ దగ్గర ఒకటి, ముందుమాట రాయమని ఇస్తే పనిలో పనిగా లోపల తప్పులు కూడా దిద్దిన పెద్దాయన దగ్గర ఒకటి, డీటీపీ కుర్రాడి డెస్క్‌టాప్ మీద మరొకటి. నాలుగూ ఒకే నవల. ఏ రెండూ ఒకలా ఉండవు. ఎవరో ఒకరు కూర్చుని వీటిని కలపాలి. ఉగాది సంచిక వేసే సంఘాల్లోనూ, సావనీరు పని నెత్తినేసుకున్నవాళ్లకూ ఇదే తంటా.

నన్నడిగితే, ఫైళ్లను పోల్చి కలిపే ప్రోగ్రాములు తెర మీద ఎర్రగా చూపే తేడాలకు పెద్దగా భయపడక్కర్లేదు. ప్రోగ్రాం ఆగి, నువ్వే తేల్చుకో అన్నచోట ఎలాగూ మనిషి కళ్లు పడతాయి. ఎవరినీ అడక్కుండా, చప్పుడు లేకుండా కలిసిపోయిన చోట్లే అచ్చులోకి వెళ్లాక బయటపడతాయి. కింద చెప్పే జాగ్రత్తల్లో చాలావరకు వాటి గురించే.

మూల ప్రతి ఎక్కడుంది?

మొట్టమొదట వెతకాల్సింది ఇదే. అందరికీ పంపిన ఫైలు, ఇంకా ఎవరి చెయ్యీ పడనిది, భద్రంగా ఉందా?

రెండు ఫైళ్లను పక్కపక్కన పెట్టి పోలిస్తే తేడా ఎక్కడుందో తెలుస్తుంది, అది ఎలా వచ్చిందో తెలియదు. ఏడో అధ్యాయం చివర రచయిత ఫైల్లో ఒక వాక్యం ఉంది, ప్రూఫ్ చూసినావిడ ఫైల్లో లేదు. ఆయన కొత్తగా చేర్చారా, ఆవిడ అనవసరమని కొట్టేశారా? చేర్చారంటే ఉంచాలి. కొట్టేశారంటే తీసెయ్యాలి, లేదా ఆయనకు ఒక ఫోన్ చెయ్యాలి. ఆ రెండు ఫైళ్లనూ తెల్లవార్లూ చూసినా ఈ సంగతి తేలదు. మూల ప్రతి తెరిస్తే క్షణంలో తేలుతుంది.

పోలిక ప్రోగ్రాములన్నిటికీ పెద్ద డిఫ్. బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెకిల్‌రాయ్ రాసిన ఈ ప్రోగ్రాం 1974లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఐదో ఎడిషన్‌తో బయటికొచ్చింది. అది రెండు ఫైళ్లను మాత్రమే చూస్తుంది. మూలాన్ని కూడా ముందు పెట్టుకుని మూడింటినీ కలిపి చూసే డిఫ్3 తర్వాత వచ్చింది. ఇవాళ మనం వాడే కేడిఫ్3, మెల్డ్, విన్‌మెర్జ్, ఫైళ్లలో జరిగిన మార్పుల చరిత్రను దాచిపెట్టే గిట్ అన్నీ ఆ మూడు ఫైళ్ల పద్ధతి తెలిసినవే. దాని లెక్క సులువు: ఒక చోట ఒక్కరే మార్చి ఉంటే ఆ మార్పు తీసుకుంటుంది, ఇద్దరూ ఒకేలా మార్చి ఉంటే అదీ తీసుకుంటుంది, ఇద్దరూ వేర్వేరుగా మార్చి ఉంటే ఆగి మనల్ని అడుగుతుంది. మూలం ఇవ్వకుండా కలపమంటే తేడా ఉన్న ప్రతి చోటా మనమే జడ్జీలం.

అందుకే ఫైలు బయటికి పంపే రోజునే ఒక కాపీ విడిగా పెట్టి, ప్రాపర్టీస్‌లో రీడ్ ఓన్లీ టిక్కు కొట్టెయ్యండి. పేరులో తేదీ ఉండాలి, సంవత్సరం ముందు, నెల తర్వాత, రోజు చివర. ఇలా పెడితే ఫోల్డర్లో వాటంతటవే వరసలో కూర్చుంటాయి. తిరిగొచ్చిన ఫైళ్లకు తేదీతోపాటు పంపినవారి పేరు కూడా చేర్చండి. ఫైనల్, ఫైనల్ కొత్తది, అసలు ఫైనల్, ఇదే ఫైనల్ అనే పేర్లకు ఈ దేశంలో నిషేధం ఉండాలి. ఇంకో మోసం: ఫోల్డర్లో కనబడే మోడిఫైడ్ తేదీని నమ్మి ఇదే కొత్తదనుకోకండి. వాట్సాప్‌లోనో మెయిల్లోనో వచ్చిన ఫైలుకు చాలాసార్లు అక్కడ కనబడేది మీరు డౌన్‌లోడ్ చేసిన టైము. నెల కిందటి ఫైలు ఈ పూట దించితే ఈ పూటదే అయిపోతుంది.

మూలం నిజంగానే పోయిందనుకోండి. అప్పుడది పాఠాంతరాల పని. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను పెట్టుకుని, ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్పించి శుద్ధ ప్రతులు రాయించాడు. ఆయన చేతిలో కవి రాసిన మూలం లేదు. మనకు అంత కష్టం రాదు గానీ ఆ పద్ధతిలో పనికొచ్చేది ఒకటుంది: ఇద్దరి ఫైళ్లలోనూ ఒకే చోట ఒకే వింత తప్పు కనబడితే, ఆ తప్పు ఇద్దరికీ మూలం నుంచే వచ్చి ఉండాలి. అంటే ఆ ఇద్దరూ ఒకే ఫైలుతో మొదలుపెట్టారని రూఢి చేసుకోవచ్చు. ఆ తర్వాత పాత మెయిళ్లు తవ్వండి. పంపిన అటాచ్‌మెంట్ సెంట్ ఫోల్డర్లో ఉండిపోవడం మామూలే.

పేరా మొత్తం ఒకే లైనైతే

ఈ ప్రోగ్రాములకు తెలిసింది లైను. మనం నోట్‌ప్యాడ్‌లో ఎంటర్ కొట్టేదాకా ఉన్నదంతా వాటికి ఒకటే లైను, తెర మీద అది పది వరసలుగా కనబడినా సరే. నవల్లో ఒక పేరాకు ఒక్కసారే ఎంటర్ కొడతాం కాబట్టి ఒక పేరా ఒక లైను. ఆ పేరాలో రచయిత మొదటి వాక్యంలో ఒక మాట మార్చి, ప్రూఫ్ చూసినావిడ చివరి వాక్యంలో ఒక కామా తీసేస్తే, ఇద్దరూ ఒకే లైను ముట్టుకున్నట్టు లెక్క. ఒకరితో ఒకరికి సంబంధం లేని రెండు మార్పులు ఢీకొన్నట్టు చూపిస్తుంది.

మందు పాతదే. బ్రయాన్ కెర్నిగన్ 1974లో యూనిక్స్ కొత్తవాళ్లకు ఇచ్చిన సలహాల్లోనే ఉంది: ప్రతి వాక్యాన్నీ కొత్త లైనులో మొదలుపెట్టండి. ప్రూఫులకు పంపే కాపీలో వాక్యానికొక లైను, పేరాకూ పేరాకూ మధ్య ఒక ఖాళీ లైను. పేజీలోకి పోసే ముందు లైన్లను మళ్లీ పేరాలుగా కలుపుకోవచ్చు, అది ఒక్క ఫైండ్ అండ్ రీప్లేస్ పని. అయితే ఇది ఫైలు బయటికి పోకముందే చెయ్యాలి. పంపేశాక మీ కాపీని మాత్రం వాక్యాలుగా విరిచారంటే ప్రతి లైనూ తేడాగానే కనబడుతుంది. పద్యాలు, పాటలు, నాటకం సంభాషణలు ఎలా ఉన్నవాటిని అలాగే వదిలెయ్యండి, అక్కడ లైను రచయితదే.

వాక్యానికొక లైను పెట్టినా పక్కపక్క లైన్ల దగ్గర గిట్ ఆగుతుంది. ఒకరు పన్నెండో లైను, మరొకరు పదమూడో లైను మార్చితే అదీ దానికి గొడవే. కంగారు పడక్కర్లేదు, ఒక్కొక్కరు మార్చిన లైను వాళ్ల ఫైల్లోంచి తీసుకుంటే సరిపోతుంది.

కంటికి కనబడని తేడాలు

తెలుగు ఫైళ్లు కలిపేవాళ్లను ఎక్కువగా ఏడిపించేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. తెర మీద రెండు లైన్లూ అచ్చుగుద్దినట్టు ఉంటాయి. ప్రోగ్రాం మాత్రం వేరు వేరంటుంది. తప్పు దానిది కాదు.

హైదరాబాద్‌లో అని టైపు చేసేటప్పుడు ద్ పొల్లుకూ లో అక్షరానికీ మధ్య ఒక కనబడని గుర్తు కూర్చుంటుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది లేకపోతే హైదరాబాద్లో అయి, ద కింద ల వత్తు పడుతుంది. మాట మధ్యలో ఉంటే దాని పని కంటికి తెలుస్తుంది. మాట చివర, తర్వాత ఖాళీ ఉన్నచోట అది ఉన్నా లేకున్నా ఒకటే. కొన్ని కీబోర్డులు అక్కడ కూడా పెట్టేస్తాయి, కొన్ని పెట్టవు. ఇద్దరు మనుషులు, రెండు కీబోర్డులు, నవల నిండా దొంగ తేడాలు. విసిగిపోయి ఆ గుర్తును ఫైలు మొత్తంలో తీసెయ్యకండి, ఇంగ్లీషు మాటలన్నీ వత్తులతో పిండిముద్దలవుతాయి. తర్వాత ఖాళీ గానీ చుక్క, కామా గానీ ఉన్నచోట మాత్రమే తియ్యండి.

ఐత్వం సంగతి ఇంకా తమాషా. కై అనే అక్షరంలో ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ కలిపి రెండుగానూ రాయొచ్చు. కంటికి రెండూ కై. పోలికలో వేరు. పోల్చే ముందు అన్ని ఫైళ్లనూ, ఇలాంటి విడి గుర్తులను ఒకటిగా కలిపే ఎన్ఎఫ్‌సీ రూపంలోకి మార్చేస్తే రెండో రకం పోయి మొదటిది మిగులుతుంది.

ఇక విసర్గ. దుఃఖంలో ఉండాల్సింది విసర్గ, చాలామంది కొట్టేది కోలన్, దు:ఖం. ఫాంటును బట్టి రెండూ దాదాపు ఒకేలా కనబడతాయి. ఈ తేడాను దొంగ తేడా అనుకుని వదిలేస్తే ప్రూఫ్ చూసినావిడ కష్టపడి దిద్దినదంతా నీళ్లపాలు. పైగా రేపు ఈబుక్‌లో ఎవరైనా దుఃఖం అని వెతికితే కోలన్ ఉన్నవి దొరకవు.

ఇలాంటి దొంగ తేడాలతో విసిగి చాలామంది సెట్టింగుల్లోకి వెళ్లి ఖాళీలను పట్టించుకోవద్దు అనే ఆప్షన్ నొక్కేస్తారు. కోడు రాసేవాళ్లకు అది బాగుంటుంది. తెలుగు ప్రూఫ్‌లో సగం పని ఖాళీలదే. చేసిన వాడు అన్నది చేసినవాడు కావాలి, ఎక్కడి కక్కడ అన్నది ఎక్కడికక్కడ కావాలి. ఖాళీలన్నిటినీ వదిలేసే ఆప్షన్ ఈ రెండు రూపాలనూ ఒకటే అనుకుంటుంది, ఆ దిద్దుబాట్లు మీ కంట పడవు. లైను చివరి ఖాళీలను మాత్రమే వదిలేసే ఆప్షన్ ఉంటే అది వాడుకోండి.

లైను చివర విండోస్ పెట్టే గుర్తులు రెండు, లినక్స్, మ్యాక్‌లు పెట్టేది ఒకటి. ఒక ఫైల్లో ఆ రకం, మరోదాంట్లో ఈ రకం ఉంటే ఫైలు మొదటి లైను నుంచి చివరిదాకా అంతా తేడాగా కనబడుతుంది. మొత్తం ఎర్రబడితే ముందు దీన్నే అనుమానించండి. ఎన్‌కోడింగ్ ఎప్పుడూ యూటీఎఫ్-8. విండోస్ నోట్‌ప్యాడ్ 2019 నుంచి కొత్త ఫైళ్లకు దాన్నే వాడుతోంది గానీ పాత మెషీన్లలో ఆన్సీ అని సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. అలా సేవ్ అయి మూసేసిన ఫైల్లోంచి తెలుగు తిరిగి రాదు.

అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ ఉంటే ఆ ఫైలును యూనికోడ్ ఫైలుతో పోల్చాలని చూడకండి. మనకు అది తెలుగు, కంప్యూటర్‌కు అది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. ముందు యూనికోడ్‌లోకి మార్చాలి. అది ఒక్కరే, ఒకే కన్వర్టర్‌తో, ఒక్కసారే చెయ్యాలి. మార్చగా వచ్చినదాన్ని మూల ప్రతిగా పెట్టుకుని అందరికీ అదే పంపాలి. ఇద్దరు రెండు కన్వర్టర్లతో మార్చుకుంటే మీరు కలిపేది నవలను కాదు, కన్వర్టర్ల తప్పులను.

ఫైళ్లు బయట ఉన్నన్నాళ్లూ

ఈ సమయంలో రచయితను కట్టడి చెయ్యాలి, మర్యాదగానే. పేరాలను, అధ్యాయాలను అటూ ఇటూ జరపొద్దని చెప్పండి. జరపడం అనే మాట ఈ ప్రోగ్రాముల్లో చాలావాటికి తెలియదు. ఇక్కడ తీసేశారు, అక్కడ చేర్చారు అనే చూస్తాయి. మూడో అధ్యాయంలోని ఉత్తరాన్ని రచయిత ఐదో అధ్యాయంలోకి తెచ్చారు. అదే ఉత్తరంలో ప్రూఫ్ చూసినావిడ తప్పులు దిద్దారు, మూడో అధ్యాయంలోనే. కలిపేటప్పుడు తొందరపడితే రెండే దారులు: ఉత్తరం రెండు చోట్లా పడుతుంది, లేదా తప్పులతో ఉన్న ఉత్తరం ఐదో అధ్యాయంలో మిగిలి దిద్దుబాట్లు గాల్లో కలిసిపోతాయి. జరపాల్సినవి ఉంటే ప్రూఫులకు ముందైనా జరపాలి, ఫైళ్లు కలిపాకైనా జరపాలి.

ఫైలు మొత్తంలో ఒక మాటను మార్చెయ్యడం కూడా అంతే. పాత్ర పేరు సుబ్బమ్మ నుంచి సూరమ్మ కావాలనుకుంటే ఆ ముచ్చట చివరికి ఉంచుకొమ్మనండి.

కలిపే రోజు

నలుగురి ఫైళ్లనూ ఒక్క దెబ్బకు కలపకండి. ఒక్కొక్కటిగా కలపండి, ప్రతిసారీ ఫలితాన్ని కొత్త పేరుతో సేవ్ చెయ్యండి. మొదట ఎక్కువ మార్పులున్న రచయిత ఫైలు, తర్వాత ప్రూఫ్, ఆఖరున చిల్లర దిద్దుబాట్లున్నవి. ఈ వరసను ఎవరూ శాసించలేదు గానీ నాకు ఇదే సుఖంగా ఉంటుంది, కథ మారిన చోట్లు తాజా కళ్లతో ముందే చూసెయ్యొచ్చు.

టూలు ఏదైనా ఫర్వాలేదు. కేడిఫ్3 మూలాన్నీ ఇద్దరి ఫైళ్లనూ మూడు కిటికీల్లో చూపించి కింద ఫలితం చూపిస్తుంది, పుస్తకాల పనికి ఇది హాయి. గిట్ వాడేవాళ్లు కాన్‌ఫ్లిక్ట్ స్టైల్‌ను డిఫ్3గా మార్చుకోండి. మామూలుగా అది ఇద్దరి రూపాలనే చూపిస్తుంది, అలా మార్చితే మధ్యలో మూలాన్ని కూడా చూపిస్తుంది. వర్డ్ ఫైళ్లయితే రివ్యూలో ఉండే కంబైన్ వాడొచ్చు, పక్కనే ఉండే కంపేర్ వేరు.

ఇక ప్రతి టూల్లోనూ ఉండే అసలు ప్రమాదం: ఎడమది తీసుకో, కుడిది తీసుకో అనే రెండు బటన్లు. ఒక లైను చూడండి.

మూలం: రాఘవయ్య దు:ఖం ఆపుకోలేక గుమ్మంలోనే కూర్చుండిపోయాడు.

రచయిత: రాఘవయ్య దు:ఖం ఆపుకోలేక అరుగు మీదే కూర్చుండిపోయాడు.

ప్రూఫ్: రాఘవయ్య దుఃఖం ఆపుకోలేక గుమ్మంలోనే కూర్చుండిపోయాడు.

ఎడమ బటన్ నొక్కితే విసర్గ పోతుంది. కుడి బటన్ నొక్కితే రాఘవయ్య మళ్లీ గుమ్మంలోకి వచ్చేస్తాడు. కావాల్సింది రెండు బటన్లలోనూ లేదు: రాఘవయ్య దుఃఖం ఆపుకోలేక అరుగు మీదే కూర్చుండిపోయాడు. ఇది చేత్తో రాయాల్సిందే. అర్ధరాత్రి దాటాక చెయ్యి ఎడమ, ఎడమ, కుడి అని దానంతటదే నొక్కుకుంటూ పోతుంది. అప్పుడు ఆపేసి పడుకోవడమే మంచిది, ప్రెస్సువాళ్లు ఏమన్నా సరే.

చేత్తో దిద్దేటప్పుడు ఇంకో జాగ్రత్త. కొన్ని టూల్స్ మాటలో మారిన భాగాన్ని మాత్రం రంగు వేసి చూపిస్తాయి. తెలుగులో అక్షరం ఒకటే కనబడినా లోపల హల్లు, పొల్లు, వత్తు, గుణింతం విడివిడిగా ఉంటాయి. రంగు పడిన ముక్కనే కాపీ చేస్తే గుణింతం ఒకచోట, హల్లు ఒకచోట పడి, మధ్యలో చుక్కల సున్నా తేలుతుంది. ముక్కలు అతికించకుండా మాట మొత్తం మళ్లీ టైపు చెయ్యండి.

గిట్‌తో పనిచేసేవాళ్లకు ఒక హెచ్చరిక. అవర్స్ అనేది గిట్‌లో రెండు రకాలుగా ఉంది. మెర్జ్‌కు స్ట్రాటజీ ఆప్షన్‌గా ఇస్తే గొడవపడిన చోట్ల మాత్రమే మనది తీసుకుంటుంది. స్ట్రాటజీగానే ఇస్తే అవతలివాళ్ల మార్పులన్నిటినీ చెత్తబుట్టలో వేసి, కలిపేశానని చెప్తుంది. మధ్యలో అంతా గందరగోళమైతే మెర్జ్ అబార్ట్ కొట్టి మొదటికి రండి. అయితే మెర్జ్ మొదలుపెట్టే ముందు మీ పని అంతా కమిట్ అయి ఉండాలి.

కలిసిందన్నాక

గొడవలు సున్నా అని వచ్చినంత మాత్రాన అయిపోలేదు. రచయిత చెప్పిన మాట వినకుండా సుబ్బమ్మను సూరమ్మ చేసేశారనుకోండి. అదే సమయంలో సంపాదకుడు పదకొండో అధ్యాయంలో ఒక కొత్త పేరా రాశాడు, అందులో ఆవిడ ఇంకా సుబ్బమ్మే. ఆ రెండు మార్పులూ వేర్వేరు లైన్లలో ఉన్నాయి కాబట్టి ఏ ప్రోగ్రామూ ఆగదు. పాఠకుడికి మాత్రం పదకొండో అధ్యాయంలో ఎవరో కొత్త మనిషి తగులుతుంది. పేర్లు, ఊళ్లు, వయసులు, అధ్యాయాల నంబర్లు, ఫుట్‌నోట్ల నంబర్లు విడివిడిగా వెతికి చూడాలి. ఒకే ఫుట్‌నోట్‌ను ఇద్దరూ చెరొక చోట చేర్చడం కూడా తరచూ జరిగేదే.

గిట్ గొడవ పడిన చోట వదిలే గుర్తులు ఫైల్లో మిగిలాయేమో వెతకండి. లెస్ దేన్ గుర్తు వరసగా ఏడు, ఈక్వల్ గుర్తు ఏడు, గ్రేటర్ దేన్ ఏడు. గిట్ డిఫ్‌కు చెక్ ఆప్షన్ ఇస్తే అదే పట్టిస్తుంది.

అసలైన పరీక్ష ఇది, కాస్త టైము తీసుకున్నా మానకండి. కలిపిన ఫైలును రచయిత ఫైలుతో పోల్చండి. అక్కడ మిగిలే తేడాలన్నీ మిగతావాళ్ల దిద్దుబాట్లే అయి ఉండాలి. తర్వాత ప్రూఫ్ ఫైలుతో పోల్చండి, మిగిలేవన్నీ రచయితవీ మిగతావాళ్లవీ అయి ఉండాలి. ఎవరివీ కాని తేడా ఒక్కటి కనబడినా, అది మీరు కలిపేటప్పుడు పుట్టినదే. ఒకరి దిద్దుబాటు కావాలనే వదిలేసి ఉంటే ఆ ముక్క ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి, రేపు వారే ఫోన్ చేసి అడుగుతారు.

ఇక పేజీలు కట్టడం మొదలయ్యాక ఎవరు ఏ తప్పు పట్టినా డీటీపీలో నేరుగా దిద్దేస్తారు. ఆ రోజు నుంచి మీ టెక్స్ట్ ఫైలు పాతబడిపోతుంది. పుస్తకం అచ్చుకు వెళ్లిన వెంటనే డీటీపీ ఫైల్లోంచి మ్యాటరంతా మళ్లీ టెక్స్ట్‌గా తీయించి, యూనికోడ్‌లో ఉందో లేదో చూసుకుని, తేదీ వేసి పెట్టండి. రెండో ముద్రణకూ ఈబుక్‌కూ అదే కొత్త మూల ప్రతి. పాతవాటిని చెరపక్కర్లేదు గానీ వేరే ఫోల్డర్లోకి మార్చెయ్యండి, రెండేళ్ల తర్వాత ఇంకెవరో వచ్చి ఆ ఫైనల్ పేర్లు చూసి మోసపోకుండా.